జపాన్ సైనికుడి బొమ్మ

మా దీవిలో, లంబాలైన్ పేటలోని మా ఇంట్లో బొమ్మ సైనికులకు రంగులు వేస్తున్నప్పుడల్లా, ఆ పెయింటు వాసనకు మామ్మ గుర్తొస్తుంది.

చిన్నప్పుడు, ఓడలో పనిచేసే మామయ్య నాకొక జపాన్ సైనికుడి బొమ్మ తెచ్చాడు, ఇంకా కొత్త పెయింటు వాసన వేస్తూ ఉండేది. టోపీ, తుపాకీ, ఆఖరికి కాళ్లకు చుట్టిన గుడ్డపట్టీలు కూడా అచ్చం నిజమైనవాటిలాగే ఉండేవి.

ఒక మధ్యాహ్నం మామ్మ దాని ముందు కూర్చుని అన్నం ముద్ద పెట్టింది.

"తినండి బాబూ. మా అన్నని ఎక్కడికి తీసుకుపోనారు? సచ్ సెప్పండి, నిజం సెప్పండి," అని బతిమాలింది.

నాతో ఆడుతోందనుకుని, "బొమ్మ మాట్లాడదు మామ్మా!" అని నవ్వాను.

"అప్పుడూ ఇలాగే నోరిప్పనేదురా," అంది, బొమ్మ మీంచి చూపు తిప్పకుండా.

యుద్ధకాలంలో మా దీవిని ఆక్రమించిన జపాన్ సైనికులు ఆమె అన్నను ఇంట్లోంచి పట్టుకుపోయారనీ, అతను మళ్లీ రాలేదనీ పెద్దయ్యాక తెలిసింది. ఆ తర్వాత మళ్లీ ఆ ప్రశ్న అడగడానికి ఆమెకు జీవితంలో దొరికిన జపాన్ సైనికుడు ఆ బొమ్మ ఒక్కటే.