నిజ జ్యేష్ఠంలో నెగ్గిన పత్రం

ఉదయ్ భాస్కర్‌ను గురించి నాలుగు మంచి మాటలు రాయమంటే నా వల్ల కాదు. మాదాపూరులో అద్దె భవనంలో నడిచిన ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో నేను పత్రాల విభాగం చూసేవాణ్ణి. 1999 నాటి కాగితాల్లో ఒక్కదాన్నీ నేటికీ పారవేయలేదు. కాబట్టి ఈ రాస్తున్నది కోపంతోనే అయినా, ఊహతో కాదు.

అతనిది ఏలూరు. అమీర్‌పేటలో ఒక కోర్సు ముగించి మా సంస్థకు వచ్చి, రెండేళ్ళకే ప్రాజెక్టు లీడరయ్యాడు. నిజానిజాలతో అతనికి పేచీ ఉండేది కాదు. తెర మీద తప్పు కనబడకపోతే చాలు, లోకం సవ్యంగా ఉన్నట్టే.

జీడిమెట్లలో మందుల ఫ్యాక్టరీ నడిపే చలపతిరావు మాకొక పని అప్పగించారు. ఆయన కంప్యూటర్లన్నిటినీ, ఏది దేని మీద ఆధారపడిందో సహా, ఎక్స్‌ఎంఎల్ పద్ధతిలో ఒక పత్రంగా రాయాలి. సమాచారాన్ని పేరుపెట్టిన గడుల్లో సర్దే ఆ పద్ధతి అప్పుడప్పుడే వచ్చింది. ఏ గడిలో ఏముండాలో చెప్పే నియమాలు విడిగా ఉంటాయి. పత్రం ఆ నియమాలకు లోబడిందో లేదో వాలిడేటర్ అనే ప్రోగ్రాము చూసి చెబుతుంది. ప్రధాన సర్వరు ఆగితే, ‘ప్రత్యామ్నాయం’ గడిలో ఏ యంత్రం గుర్తింపు ఉంటే దానికి పని మళ్ళాలి.

చిక్కల్లా, ప్రత్యామ్నాయంగా తెప్పించిన రెండో సర్వరు ఇంకా ఓడ దిగలేదు. గడి ఖాళీగా వదిలితే వాలిడేటర్ ఒప్పుకోదు. పైగా ఆ ప్రమాది సంవత్సరంలో అధిక జ్యేష్ఠం వచ్చింది. నిజ జ్యేష్ఠం దాటితే ఆషాఢం. శ్రావణం లోపు శుభకార్యమంటే ఆ ఒక్క నెలే మిగిలింది. చలపతిరావు సర్వరు ప్రారంభానికి ముహూర్తం పెట్టించేశారు.

పత్రాన్ని పరీక్షించవలసింది జయంతి. ఉద్యోగంలో చేరి ఏడాది కావస్తోంది, పర్మినెంటు కాలేదు. కాకినాడలో తల్లి, చదువుకునే తమ్ముడు ఆమె జీతం మీదే ఉన్నారు. ఆమె ఉదయ్ భాస్కర్ బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

“సార్, సర్వరు ఆగిపోతే దాని పని ప్రింటరు చేస్తుందా అండి?”

“ఏ ప్రింటరండీ?”

“గోదాము పక్క గదిలోది. ప్రత్యామ్నాయం గడిలో దాని గుర్తింపు పెట్టారు.”

“ఎర్రర్ వచ్చిందా?”

“రాలేదండి. ఆ గుర్తింపు పత్రంలో ఉందా లేదా అన్నదే వాలిడేటర్ చూస్తుంది. అది సర్వరుదా, ప్రింటరుదా అని అడగదు.”

“దానికి రాని సందేహం మీకెందుకొచ్చిందండీ?”

గదిలో అందరూ నవ్వారు.

“రెండో సర్వరు రాలేదని చలపతిరావు గారికి చెప్పేద్దామండి.”

“చెబితే ఆయన శ్రావణం దాకా ఆగుతారు. నా ప్రమోషనూ ఆగుతుంది. సంతకం పెట్టండి జయంతి గారూ. మీ కన్ఫర్మేషన్ కాగితం నా సొరుగులోనే ఉంది.”

ఆమె పెట్టలేదు. పరీక్షించినవారి చోట ఆమె పేరుతో అతనే సంతకం గీకేశాడు.

ముహూర్తం నాడు ఫ్యాక్టరీలో మా అందరి ఎదుట సర్వరుకు బొట్టుపెట్టి, బంతిపూల దండ వేసి కొబ్బరికాయ కొట్టారు. ప్రసాదం నోట్లో వేసుకుంటూ చలపతిరావు అన్నారు: “ఏదీ, పెద్దదాన్ని ఆపి చూపించు.”

ఫ్యాక్టరీ కంప్యూటర్లు చూసుకునే సాయిచంద్ స్విచ్చి ఆపాడు. పక్క గదిలో ఏదో కదిలింది. అతను వెళ్ళి చూసి కేకేశాడు.

“సార్, జర ఇటు రాండ్రి! సర్వరు బంద్ చేస్తె ప్రింటరుకు పూనకమొచ్చింది!”

కాగితం మీద కాగితం నేలకు జారుతోంది. నిండా అర్థం లేని గుర్తులు. సాయిచంద్ ఒకటి తీసి తిరగేసి చూశాడు. “ఏంది సార్ గిది, ఆర్డరా, జాతకమా?”

“ఏమయ్యా భాస్కర్, ఇదేనా నీ రెండో సర్వరు?” అన్నారు చలపతిరావు.

ఆ కాగితాల మధ్య నిలబడే అతను మళ్ళీ వాలిడేటర్ నడిపి చూపించాడు. “చూడండి సార్, ఒక్క తప్పు కూడా లేదు.”

“పత్రం సంగతి కాదయ్యా, నా ఫ్యాక్టరీ సంగతేమిటి? ఎవరు పరీక్షించారు దీన్ని?”

“జయంతి గారండీ.” సిగ్గన్నది లేకుండా, ఆమె ఎదుటే అన్నాడు.

“ఆ సంతకం నాది కాదండి,” అంది జయంతి.

చలపతిరావు సంతకం చూశారు, అతని ముఖం చూశారు. గట్టిగా నిలదీస్తారనుకున్నాను. “శుభమా అని కొబ్బరికాయ కొట్టాను, ఇవాళ గొడవ వద్దు. శ్రావణానికి సరిచేసి ఇవ్వండి,” అని దండం పెట్టి వెళ్ళిపోయారు. అబద్ధమాడినవాణ్ణి కాపాడింది ముహూర్తమే.

ప్రమోషను అతనికి వచ్చింది. జయంతిని మాత్రం ‘సహకార స్వభావం లేదు’ అని రాసి ఉద్యోగం నుంచి తీసేశారు. రాసిన చెయ్యి ఎవరిదో వేరే చెప్పాలా? గుర్తింపు కార్డు అప్పగించడానికి ఆమె అతని బల్ల దగ్గరికే రావలసివచ్చింది.

“మీ బదులు ఎవరు దొరుకుతారో ఏమో,” అన్నాడు, జాలి నటిస్తూ.

“నా గడి ఖాళీగా వదలకండి సార్, ఎర్రర్ వస్తుంది,” అంది జయంతి, కార్డు బల్ల మీద పెడుతూ. “ఆ ప్రింటరు గుర్తింపే పెట్టేయండి.”