మగ్గం మోసిన నింద

మొన్న మా మనవరాలు నన్ను స్కానింగుకు తీసుకెళ్ళింది. నా కడుపు మీద చల్లటి జిగురు పూసి, ఏదో పరికరాన్ని అటూ ఇటూ తిప్పుతున్న అమ్మాయి ఒకచోట ఆగి, "అవ్వా, మీ పిత్తాశయంలో రాళ్ళున్నాయి. మూడు కనబడుతున్నాయి. ఎప్పుడూ నొప్పి రాలేదా?" అని అడిగింది. రాలేదన్నాను. తెర నా వైపు తిప్పి చూపించింది. నల్లటి సంచిలో తెల్లటి చుక్కలు, వాటి వెనక పొడుగాటి నీడలు. మనవరాలు బెంబేలెత్తి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నేనేమో ఆ తెరను కళ్ళప్పగించి చూస్తూ, "ఇంకొకసారి చూపించమ్మా" అని అడిగాను. తొంభైకి దగ్గరపడ్డ మనిషి తన కడుపులో రాళ్ళు చూసుకుని మురిసిపోతోందేమిటని వాళ్ళిద్దరూ అనుకునే ఉంటారు. నా మురిపెం రాళ్ళు ఉన్నందుకు కాదు, అవి పావుగంటలో, కత్తి గాటు పడకుండా కనబడినందుకు. మా అత్త కడుపులో ఉన్నవాటి సంగతి తెలుసుకోవడానికి మాకు దాదాపు రెండేళ్ళు పట్టింది. ఆ రెండేళ్ళూ నింద మోసింది మగ్గం.

మా పుట్టిల్లు గండికోట దగ్గర, కడప జిల్లాలో. అత్తగారిల్లు కర్నూలుకు పడమట ఒక నేత ఊరు. కర్నూలు రాజధానిగా ఉండి, సర్కారు ఆఫీసులు గుడారాల్లో నడుస్తున్న రోజుల్లో నేను కాపురానికి వచ్చాను. మా పుట్టింట్లోనూ మగ్గాలే గానీ, అక్కడ ఆడవాళ్ళ పని రాట్నం తిప్పి కండెలు చుట్టడం వరకే. గుంట మగ్గంలోకి దిగి, తొక్కుడు పలకల మీద కాళ్ళు పెట్టి, నూలు కండె ఉన్న నాడెను అటూ ఇటూ విసిరి చీర నేసే ఆడమనిషిని నేను మొదటిసారి చూసింది అత్తగారింట్లోనే. మామ పోయాక, మా ఆయన ఇంకా పసివాడుగా ఉన్నప్పుడు, మా అత్త ఆ గుంటలోకి దిగిందట. కొడుకు ఎదిగి పక్కనే తన మగ్గం తాను వేసుకున్నా ఆమె పైకి రాలేదు. నేను వచ్చిన మొదటి వారమంతా పని మానేసి ఆమె చేతుల వంకే చూస్తూ కూర్చున్నానని చాలా ఏళ్ళు నన్ను దెప్పేది. "ఏమ్మే, నా మొగంలో ఏం జూస్తాండావు? కండె అయిపాయె, ఇంగొగటి తే!" అన్నది ఆమె నాతో ఆడిన మొదటి పెద్ద మాట. కోపం కాదు, ఆమెకు పలకరింపులు అలాగే వచ్చేవి.

ఆ ఇంట్లో ఒక ఆచారం ఉండేది. చీరలు పూర్తయి బట్ట కోసి మగ్గం మీంచి దించిన రోజు, మగ్గానికి పసుపు కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టి, మధ్యాహ్నం పప్పూ బెల్లం పూర్ణం పెట్టి ఓళిగలు చేసేవాళ్ళం. అందరికంటే ముందు ఆ బట్ట నేసిన మనిషి విస్తరి ముందు కూర్చోవాలి. ఇంటి కోడలు కాచిన నెయ్యి ఓళిగలు మునిగేలా పోయాలి, అంత నెయ్యి ఆ ఒక్క విస్తరికే. విస్తరి అంచు దాటి నెయ్యి కారితే ఆ చీర కట్టుకున్న ఆడదాని ఇల్లు చల్లగా ఉంటుందని నమ్మకం. మిగతా రోజుల్లో జొన్న రొట్టె, పచ్చిమిరపకాయల కారం, మజ్జిగ. వానలు లేని ఆ సీమలో నెయ్యి అంటే అపురూపం. అందుకే నేను కూడా చెయ్యి బిగించకుండా పోసేదాన్ని. ఉన్న మాట చెప్పాలంటే, నాకు ఆమె అంటే కాస్త భయం, చాలా ఇష్టం. ఆ రెండూ చెప్పుకోవడానికి నా చేతిలో ఉన్నది నెయ్యి గిన్నె ఒక్కటే.

నేను వచ్చిన మూడో నెలలో అనుకుంటాను, బట్ట కోసిన సాయంత్రం ఆమె కుడి డొక్క పట్టుకుని గోడకు ఒరిగిపోయింది. ముఖమంతా చెమట. నొప్పి పక్కటెముకల కింద మొదలై వీపులోకి, అక్కడి నుంచి కుడి భుజంలోకి పాకుతోందని చెప్పింది. రెండుసార్లు వాంతి అయింది. దీపాలు పెట్టిన చాలాసేపటికి నొప్పి ఎలా వచ్చిందో అలాగే పోయింది. మర్నాడు ఏమీ జరగనట్టు లేచి పొయ్యి అలుక్కుంది. ఆ తర్వాత మళ్ళీ బట్ట కోసిన రోజే నొప్పి వచ్చింది. ఆ తర్వాతిసారీ అంతే. ఇంక అనుమానమెందుకు? నాడె విసిరేది కుడి చెయ్యి, నొప్పి కుడి భుజంలో. బట్ట ముగిసే ముందు రెండు మూడు రోజులు ఒళ్ళు తెలియకుండా నేస్తుంది. పైగా గుంట చెమ్మ. వాయువు పట్టిందని వీధిలో ఎవరిని అడిగినా చెప్పారు. ఆమె మాత్రం ఒప్పుకోక, కొన్నాళ్ళు ఎడమ చేత్తో నాడె విసరడం నేర్చుకుంది. ఆ వయసులో ఆ మొండితనం చూసి నాకు నవ్వూ వచ్చింది, కళ్ళ నీళ్ళూ వచ్చాయి. ఊరి వైద్యుడు వేడి చేసిందని ఆముదం తాగిస్తే ఆ పూట నొప్పి రెండింతలైంది. నీరసపడిందని మేమేం చేశామంటే, ఇంకొంచెం నెయ్యి ఎక్కువ పోశాము.

చివరికి మా ఆయన ఆమె మగ్గం మీద దుప్పటి కప్పేశాడు. "ఇంగ సాల్లేమ్మా. ఆ గుంతలో దిగేది మానుకో. నేనుండాను గదా" అన్నాడు. ఆమె వాదించలేదు. అదే నన్ను భయపెట్టింది. ఎప్పుడూ కయ్యానికి కాలుదువ్వే మనిషి పంచలో కూర్చుని రాట్నం వైపైనా చూడకుండా వీధిలో మేకలను లెక్కపెట్టుకుంటూ ఉండేది. రెండు నెలలు నొప్పి రాలేదు. "జూసినావా? అంతా మగ్గంతోనే" అన్నాడు మా ఆయన గెలిచినవాడిలా. ఆ రెండు నెలల్లో మనిషి సగమైపోయింది. బతికి ఉండటానికి బతుకు వదులుకోమంటున్నామని నాకు తెలుస్తూనే ఉంది గానీ, కొత్త కోడలి మాట ఎవరు వింటారు?

అప్పుడు కోసిగిలో కాపురముంటున్న మా ఆడబిడ్డకు సీమంతం చేశారు. వెళ్ళాం. పెద్ద పంక్తి, ఓళిగలు, నెయ్యి. సాయంత్రానికి అదే డొక్క, అదే భుజం, అదే చెమట. బండి కుదుపులకు వచ్చిందన్నాడు మా ఆయన. నేను ఆమె తల ఒళ్ళో పెట్టుకుని విసురుతూ ఆలోచనలో పడ్డాను. ఇక్కడ మగ్గం లేదు. నాడె లేదు. చెమ్మ గుంట లేదు. మరి ఉన్నదేమిటి? వెనకటి ఒక్కొక్క నొప్పినీ గుర్తు తెచ్చుకున్నాను. అన్నిటి ముందూ ఒక విస్తరి ఉంది. ఆ విస్తరి ముందు గిన్నె పట్టుకుని నేను ఉన్నాను.

మా ఆయనకు చెబితే నవ్వాడు, నెయ్యి తింటే నొప్పి రావడమేమిటని. అందుకని ఆయన చీరలమ్మి నూలు తేవడానికి పది రోజులకని ఊరెళ్ళినప్పుడు అత్తతో చెప్పాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి, వెళ్ళి దుప్పటి తీసేసింది. మగ్గం మీద సగంలో ఆగిపోయిన చీరలను ఎనిమిది రోజుల్లో ముగించింది, అదీ కుడి చేత్తోనే. బట్ట కోసిన రోజు ఆమె విస్తట్లో జొన్న రొట్టె, వెన్న తీసిన మజ్జిగ పెట్టాను. ఆచారం తప్పినందుకు ఇద్దరం మగ్గానికి దండం పెట్టి తప్పు కాయమన్నాం. సాయంత్రమైంది. దీపం పెట్టాను. నొప్పి రాలేదు. "ఏమ్మే, బాగుండా నేను! శానా బాగుండా!" అని ఆమె చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. మా ఆయన తిరిగొచ్చి సంగతంతా విని, దుప్పటి మడతపెట్టి పెట్టెలో పెట్టేశాడు.

కథ అక్కడితో అయిపోతే బాగుండేది. నెయ్యి, నూనె మానేసిన నాలుగైదు నెలలకు ఒకరోజు ఆమెకు చలిజ్వరం పట్టుకుంది. కళ్ళు పసుపు రంగుకు తిరిగాయి. కర్నూలు ఆసుపత్రికి తీసుకుపోయాం. సూదులతో జ్వరం తగ్గించి, కళ్ళు తెల్లబడ్డాక ఒక సాయంత్రం ఏవో మాత్రలు మింగించి మర్నాడు ఎక్స్‌రే తీశారు. డాక్టరు ఆ ఫిలిమును కిటికీ వెలుతురుకు పట్టి, నా ఆత్రం చూసి కాబోలు, నన్ను దగ్గరికి పిలిచి చూపించాడు. "కాలేయం కింద పైత్యరసం దాచుకునే చిన్న సంచి ఉంటుందమ్మా. నెయ్యో నూనో పడితే అది ముడుచుకుని రసాన్ని పేగులోకి పంపుతుంది. దారిలో రాయి అడ్డం పడితే ఈ నొప్పి. రాయి ఇంకా కిందికి జారి గొట్టంలో ఇరుక్కుంటే జ్వరం, పచ్చకళ్ళు."

"నేనేం రాళ్ళు మింగలేదే సామీ, యాడనుంచి వచ్చినాయి?" అంది అత్త. ఆ రసమే చిక్కబడి, గడ్డకట్టి, ఏళ్ళ తరబడి రాయవుతుందని చెప్పాడాయన. మందుతో కరగవా అని నేను అడిగాను. కరిగించే మందు తన దగ్గర లేదన్నాడు. పథ్యం చేస్తే నొప్పులు తగ్గవచ్చు గానీ రాళ్ళు పోవనీ, ఒకసారి పచ్చకామెర్లు తెచ్చినవి మళ్ళీ తెస్తే ప్రాణం మీదికి రావచ్చనీ, సంచితో సహా తీసెయ్యడమే మేలనీ, అది లేకపోయినా మనిషి బతుకుతాడనీ ఒక్కొక్కటే విడమరిచి చెప్పాడు. పక్కటెముకల కింద జానెడు కోత పడుతుంది. మా ఆయన ముఖం పాలిపోయింది. అత్త మాత్రం ఒకే ఒక్క ప్రశ్న వేసింది. "కోసినాక మళ్ళా గుంతలో దిగొచ్చా?"

డాక్టరుకు గుంట మగ్గమంటే తెలియదు. నేను నేల మీద కూర్చుని కాళ్ళాడించి, చెయ్యి విసిరి చూపించాను. వార్డంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. "మూడు నెలలు బరువు ఎత్తొద్దు, గుంటలో దిగొద్దు. గాయం బాగా మానితే తర్వాత దిగొచ్చు" అన్నాడు. "అట్లయితే కోయి సామీ" అంది అత్త.

ఆపరేషనుకు తీసుకెళ్ళే ముందు నేను ఆగలేకపోయాను. ఇన్నాళ్ళూ నొప్పి వడ్డించింది నేనే అని ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చాను. ఆమె నా తల మీద చెయ్యి వేసి, "నువ్వు పోస్తివి, నేను తింటిని. ఇద్దరికీ తెలీకపాయె. మాన్పించింది గుడక నువ్వే గదా. లెయ్యి, మొగం కడుక్కో" అంది. ఆమె నన్ను మెచ్చుకోవడం అదే మొదలు.

తర్వాత చిన్న గాజు సీసాలో రాళ్ళు ఇచ్చారు. శనగగింజలంత, పలకలు తేరి, తేనె రంగులో. మూడు నెలలు ఒక్క రోజు తక్కువ కాకుండా ఆగి, ఆమె గుంటలోకి దిగింది. సంచి తీసేసినా నెయ్యి అంటే భయం పోక, ఆ బట్ట కోసిన రోజు నేను ఆమె విస్తట్లో రొట్టె పెట్టి, నెయ్యి గిన్నెను లోపలికి తీసుకుపోబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపింది. నన్ను తన పక్కన కూర్చోబెట్టింది. "కండెలు సుట్టినదానివి, నీ పాలు నీకు రాకుండా ఎట్ల పోతాది? నా పాలు గుడక నువ్వే తిను" అని, నా ఓళిగల మీద నెయ్యి విస్తరి అంచు దాటి కారేలా పోసింది. ఆమె గుంట దిగి నేసినన్నేళ్ళూ అలాగే పోసింది.

మొన్న డాక్టరమ్మ నా స్కానింగు చూసి, నొప్పి పెట్టని రాళ్ళ జోలికి ఈ వయసులో పోనక్కర్లేదంది. కుడి డొక్కలో నొప్పి వచ్చినా, జ్వరం వచ్చినా, కళ్ళు పచ్చబడినా వెంటనే రమ్మంది. ఇప్పుడైతే చిన్న చిన్న రంధ్రాలు పెట్టి తీసేస్తారట, రెండు రోజుల్లో ఇల్లు చేరొచ్చట. ఎప్పుడో తిన్న నెయ్యి వల్ల వచ్చాయా అని అడిగితే, అలా చెప్పలేమమ్మా అని నవ్వింది. ఆమె మాటే నిజం కావచ్చు. కానీ రాయి కట్టడానికి ఏళ్ళు పడుతుందని ఆనాడే విన్నదాన్ని, మా అత్త పోసిన నెయ్యిలో ఒక చుక్కయినా ఇన్నేళ్ళుగా నాలో దాగి ఉందని నమ్మడమే నాకు ఇష్టం.