ఈత కొలను మీద మిరప పట్టా

చిన్నప్పుడు మా చెల్లెలు పెరటి బావిలో పడి చనిపోయింది. బావి పూడ్పించాక, ఈ పెరట్లో మళ్లీ గొయ్యి తవ్వనని తమ్ముడు అమ్మ చేతిలో చెయ్యేసి చెప్పాడు. పోయినేడు అక్కడే స్విమ్మింగ్ పూల్ కట్టించాడు.

చలి మొదలైందని ఈ రోజు దాన్ని మూశాడు. నీళ్లు తోడకుండానే, మిరపకాయలు ఆరబోసే టార్పాలిన్ పట్టా పైన పరిచి అంచులకు ఇటుకలు పెట్టాడు. అచ్చం కల్లంలా ఉంది. కల్లంలో పట్టాల మీద పరిగెత్తే అలవాటున్న నా మనవరాలు చెప్పులు విడిచి నేరుగా దాని మీదికి ఉరికింది. అంచున జడ పట్టి లాగాను.

"పట్టా గట్టిదేలే అన్నయ్యా, ఊరికే కంగారు పడతావు."

"అయితే నువ్వెక్కి నిలబడరా!"

నవ్వాడు గానీ ఎక్కలేదు.

మీరైతే ఈ పూట పిల్లను పెరట్లోకి వదులుతారా, చెప్పండి. చెల్లెలు పోయినప్పుడు అందరూ తలరాత అన్నారు. ఈసారి ఏమైనా జరిగితే ఆ మాట అనకండి. తలరాత కాదు, మా తమ్ముడు సాంబశివరావు.