రేసు కార్ల వెనక గోడ

కార్టూన్ స్టూడియోలో అందరూ ఆయన్ని చెట్లాయన అంటారు. రేసు కార్ల సీరియల్‌కి కార్లు గీసేవాళ్లు వేరు, డ్రైవర్ల మొహాలు గీసేవాళ్లు వేరు. కార్ల వెనక పరుగెత్తే చెట్లు, కొండలు, ఇళ్లు ఈయనవి. పెళ్లయిన ఏడాది పనిలో చేరాడు. జుట్టు సగం నెరిసినా ఇంకా ఆ రోడ్డు పక్కనే చెట్లు నాటుతున్నాడు. కారు నడపడం మాత్రం రాదు.

ఆ పని పద్ధతి ఇదీ. పొడవాటి కాగితం పట్టీ మీద రోడ్డు పక్క దృశ్యం గీస్తాడు. పట్టీని కెమెరా కింద బల్ల మీద పరుస్తారు. దాని మీద గాజులాంటి షీటు, ఆ షీటు మీద కారు బొమ్మ. కారు ఉన్నచోటే ఉంటుంది. కెమెరామన్ పిడి తిప్పుతూ, కింద పట్టీని కొద్దికొద్దిగా జరుపుతూ ఫొటోలు తీస్తాడు. టీవీలో చూసేవాళ్లకి కారు దూసుకుపోతున్నట్టు ఉంటుంది. పట్టీ అయిపోతే మళ్లీ మొదటికి వస్తుంది. పాత కార్టూన్లలో రేసు దేశాలు దాటినా అదే చెట్టు, అదే రాయి వెంటబడి రావడానికి కారణం అదే.

చిక్కల్లా అతుకు దగ్గర. పట్టీ చివర, మొదలు కలిసేచోట ఎంత జాగ్రత్తగా రంగు వేసినా కాస్త తేడా తెలిసిపోతుంది. ఎవరూ పట్టించుకోనిది ఏదో ఒకటి పెట్టి దాన్ని కప్పెయ్యాలి. ఆ పనిలో మొదటి పాఠం అది. చెట్లాయన ఇన్నేళ్లూ అక్కడ పొద పెట్టాడు.

పొదలంటే విసుగొచ్చిన ఒక మధ్యాహ్నం ఇంట్లో పట్టీ గీస్తూ కిటికీలోంచి చూశాడు. ఎదురింటి పిట్టగోడ మీద బావమరిది కూర్చుని ఉన్నాడు. చారల చొక్కా, బొటనవేలికి వేలాడే చెప్పు. ఆ కుర్రాడు అక్కగారింటికి ఉద్యోగం వెతుక్కోవడానికి వచ్చి, వెతకడానికి ముందు కాస్త కూర్చున్నాడు. ఆ గోడని, ఆ మనిషిని ఉన్నదున్నట్టు అతుకు మీదికి దించేశాడు చెట్లాయన. ఎవరూ చూడని చోటికి అంతకంటే తగిన మనిషి ఆయనకి తట్టలేదు.

తలపండినవాడు తప్పులో కాలేసింది అక్కడే. పొద పదేపదే వస్తే అది పొదే. మనిషి పదేపదే వస్తే జనం చూస్తారు.

ఆ పట్టీ వాడిన భాగం వచ్చిన సాయంత్రం ఇంటిల్లిపాదీ టీవీ ముందు చేరారు. నల్లకారు విలన్ అందరికంటే ముందున్నాడు. ముందున్నవాడల్లా బండి ఆపి, దిగి, వెనక వచ్చేవాళ్ల కోసం రోడ్డు మీద మేకులు చల్లడం మొదలుపెట్టాడు.

"ఆపకుండా పోతే వాడే గెలుస్తాడు కదా బావా?" అన్నాడు బావమరిది.

"గెలిస్తే మనకి పనుండదు."

తెల్లకారు హీరో మలుపు దగ్గరికొచ్చాడు. ఇలాంటి సీరియల్లో మలుపు తిరగడమంటే మాటలు కాదు. స్టీరింగ్ మీద చెయ్యి పడగానే చిన్నతనం గుర్తుకు రావాలి. తండ్రి చివరి మాట వినిపించాలి. కళ్లు చక్రాలంత కావాలి. చెమట చుక్క ఒకటి తీరిగ్గా గడ్డం దాకా జారాలి. అంతసేపూ వెనకాల గోడ మీద చారల చొక్కా వచ్చింది, పోయింది, మళ్లీ వచ్చింది.

"అక్కా, అది నేను కదూ?"

"చొక్కా నేను కొన్నదే," అంది చెట్లాయన భార్య.

"లోకమంతా దూసుకుపోతుంటే నేను చెప్పు ఊపుకుంటూ కూర్చున్నానా బావా?"

"చెప్పు ఊగదురా. ఊగాలంటే ఇంకో బొమ్మ గియ్యాలి."

"అంటే ఆ పని కూడా చెయ్యట్లేదన్నమాట!"

మామూలు రోజుల్లో అయితే నవ్వుకుని వదిలేసేవాళ్లే. కానీ బావమరిది పెళ్లి మాటల్లో ఉంది. ఆ గోడ దగ్గర రోజూ స్కూలు బస్సు ఆగుతుంది. దాన్ని నడిపే అమ్మాయీ ఇతనూ ఒకరినొకరు ఇష్టపడ్డారు. అమ్మాయి తండ్రి లిఫ్ట్ మెకానిక్. ఆయన ఒప్పుకోవడమొక్కటే మిగిలింది. అబ్బాయి వ్యాపారం ఆలోచనలో ఉన్నాడని ఆయనకి చెప్పారు. ఇప్పుడు బస్సులో పిల్లలంతా "గోడ మావయ్యా!" అని కేకలు పెడుతున్నారు. మెకానిక్ దగ్గర్నించి కబురొచ్చింది: "కార్టూన్లవాళ్లకి కూడా తెలిసిపోయిన సంగతి నేనింకా విచారించేదేముంది?"

"మా తమ్ముడి పెళ్లి చెడిందా, మీరు ఆ బొమ్మ చెట్ల కిందే కాపురం పెట్టుకోండి," అంది భార్య. వట్టి బెదిరింపు కాదని చూపించడానికి దుప్పటి మడిచి చేతికిచ్చింది.

చెట్లాయన మెకానిక్‌ని స్టూడియోకి పిలిచాడు. ఆయన పనిముట్ల సంచీతోనే వచ్చాడు. అమ్మాయి బస్సు బయట నిలిపి వచ్చింది. బావమరిదికి అక్క తెల్ల చొక్కా తొడిగి పంపింది.

చెట్లాయన కెమెరా బల్ల మీద ఆ పట్టీయే పరిచి, పైన కారు షీటు పెట్టించాడు. కెమెరామన్ పిడి తిప్పాడు.

"చూడండి. కారు కదిలిందా?"

"లేదు," అన్నాడు మెకానిక్.

"ఎవరు కదిలారు?"

"గోడ. గోడతో పాటు అబ్బాయి."

"మరి! ఉన్నచోట కూర్చుంది కారండీ. రేసు మొత్తం పరిగెత్తింది మావాడు."

మెకానిక్ వంగి బల్ల కిందికి చూశాడు. పిడి తనే రెండుసార్లు తిప్పి చూశాడు.

"లిఫ్టులో పదో అంతస్తుకి పోయినవాణ్ణి మెట్లెక్కాడని ఎవరైనా అంటారా?" అన్నాడు.

చెట్లాయన సాయానికి కెమెరామన్ వైపు చూశాడు. కెమెరామన్‌కి అబద్ధం అలవాటు లేదు.

"తనంతట తను కదలడండీ. తిప్పితే కదులుతాడు. వదిలేస్తే అక్కడే ఉంటాడు."

"నీకు పుణ్యముంటుంది, కాస్త నోరు మూసుకో," అన్నాడు చెట్లాయన.

మెకానిక్ కూతురి వైపు తిరిగాడు. "విన్నావుగా?"

"విన్నాను నాన్నా. రోజంతా పిల్లల్ని ఎక్కించుకుని దించుతుంటాను. పొద్దున చెప్పిన చోట సాయంత్రానికి ఒక్కడూ ఉండడు. వదిలినచోట ఉండే మనిషి దొరకడం తేలికనుకుంటున్నావా?"

"కదలాల్సి వస్తేనో?"

"తిప్పడం ఎంతసేపు?" అంటూ ఆమె పిడి పట్టుకుని, బస్సు స్టీరింగ్ తిప్పినంత ధీమాగా తిప్పింది. బొమ్మ బావమరిది గోడతో సహా బల్ల ఈ చివరనుంచి ఆ చివరకి ఎగిరిపోయాడు.

"నువ్వేమంటావయ్యా?" అన్నాడు మెకానిక్.

"ఎటు తిప్పితే అటేనండీ," అన్నాడు అసలు బావమరిది.

మెకానిక్ పనిముట్ల సంచీ భుజాన వేసుకున్నాడు. "ఈ పళ్లచక్రానికి గ్రీజు పెట్టండి, కిర్రుమంటోంది," అని కెమెరామన్‌కి చెప్పి, "సరే, కానివ్వండి," అని చెట్లాయనతో అన్నాడు.

ఇప్పుడు బావమరిది అదే బస్సులో పిల్లల్ని చెయ్యి పట్టుకుని ఎక్కించే పని చేస్తున్నాడు. ఎక్కువ భాగం కూర్చునే పని. గోడ ఖాళీ అయింది కాబట్టి చెట్లాయన తర్వాతి పట్టీలో అతుకు మీద స్కూలు బస్సు పెట్టాడు. కిటికీలో చారల చొక్కా కనిపిస్తుంది.

ఆ భాగం వచ్చిన మర్నాడే డ్రైవరమ్మ గుమ్మంలోకి వచ్చింది.

"అన్నయ్యా, అడ్డమైన కార్లన్నీ నా బస్సుని దాటేస్తున్నాయేంటి?"

"అవి కదలవమ్మా," అన్నాడు చెట్లాయన, కుంచె కడుక్కుంటూ. "కదిలేది నీ బస్సే."