లేవి అంగడి వెబ్‌సైటు

ఎర్రగుంట్లలో శవపెట్టెలు చేసే లేవి ఎవరినీ తేరిపార చూడడు. కొలత తీసుకుంటున్నాడని జనం జడుసుకుంటారని అతని దిగులు. రెడీమేడ్ పెట్టెలొచ్చి గిరాకీ పడిపోతే, కూతురు క్రిస్టినా అంగడికి వెబ్‌సైటు చేసింది. ఫొటోకు నవ్వమంటే, "ఏడ్చేటోళ్లు చూసే బొమ్మలో నవ్వేదెట్లమ్మా?" అని తల దించుకున్నాడు. వెబ్‌సైటు చూసి మొదటి ఫోను డోన్ నుంచి వచ్చింది. "అన్ని సైజులూ ఉండాయని రాసినారు కదన్నా, మా పాపకు మూడేండ్లు..." అన్నాడు అవతలి మనిషి. చిన్న పెట్టె లేవి ఎన్నడూ ముందుగా చేసి పెట్టలేదు. పెడితే ఏ బిడ్డనో పిలిచినట్టేనని నమ్మకం. "చేసిస్తాలేప్పా" అని, పొద్దు వాలేదాకా ఆ పలకలనే చిత్రిక పట్టాడు. వాళ్లు పెట్టె తీసుకుపోయాక కూతురితో, "ఉండాయని రాయొద్దమ్మా. అడిగితే చేసిస్తామని రాయి" అన్నాడు.