వాగు వకీలు

నల్లసముద్రానికీ కొండకీ మధ్య ఇరుక్కున్న చిన్న ఊరు వాళ్ళది. నెజ్మి తండ్రి దర్జీ. కళ్ళు కనిపించినంత కాలం కుట్టి, కొడుకుని లా చదివించాడు. నెజ్మి ఇరవై ఏళ్ళు ఆ ఊరి కోర్టులోనే గట్టు తగాదాలూ, విడాకులూ, వాటాల కేసులూ వాదించాడు. గొంతు చించుకునే రకం కాదు. కాగితం చేతికొస్తే మాత్రం చివరి చుక్క దాకా చదివేవాడు.

తేయాకు మొదటి కోత రోజుల్లో గులిజార్ అనే రైతు, ఇంకో పదకొండు మంది ఆడవాళ్ళని వెంటేసుకుని అతని ఆఫీసుకొచ్చింది. వీపున బుట్టలు కూడా దించలేదు.

"మా వాగుని గొట్టాల్లోకి ఎక్కిస్తారట, కరెంటు తీస్తారట. మా ఆవులేం తాగాలి నాయనా, ఆ కరెంటా?"

"కంపెనీ చాలా పెద్దది, పిన్నీ."

"చిన్నదైతే నీతో పనేముంది? మేమే చీపుళ్ళతో తరిమేవాళ్ళం."

కేసు నాలుగేళ్ళు నడిచింది. వాగుకి ఏ నష్టమూ లేదని కంపెనీ రాసిచ్చిన నివేదికని నెజ్మి పట్టుకున్నాడు. ఆగస్టులో ప్యాంటు మడిచి నీళ్ళలో దిగి, నీళ్ళెక్కడ మోకాలికొస్తున్నాయో, ఎక్కడ మడమ కూడా తడవదో కొలిపించాడు. ఆ నివేదిక రాసినవాడు వాగు మొహమే చూడలేదని కోర్టులో వాడి నోటితోనే చెప్పించాడు. లైసెన్సు రద్దయింది. ఆ రోజు కోర్టు ముందే ఆడవాళ్ళు చేతులు పట్టుకుని గుండ్రంగా ఆడారు. అప్పటినుంచి అతను వాగు వకీలయ్యాడు.

పేరు రాగానే అధికార పార్టీ టికెట్టు పట్టుకుని వచ్చింది. గులిజార్ ఇంటింటికీ తిరిగి, "మనవాడు, మన నీళ్ళు తాగినవాడు" అని ఓట్లడిగింది. నెజ్మి గెలిచి రాజధాని అంకారా వెళ్ళాడు. సభలో వెనక వరసలో కుర్చీ ఇచ్చారు.

రెండో ఏడు ఒక బిల్లు వచ్చింది. ఎనభై సెక్షన్లు. యాభై మూడోది రెండే వాక్యాలు: చిన్న విద్యుత్ కేంద్రాలకి ఇకమీదట పర్యావరణ నివేదిక అక్కర్లేదు. నెజ్మి ఆ రెండు వాక్యాలూ మళ్ళీ చదివాడు. తను గెలిచిందే ఆ నివేదిక మీద. పార్టీ సభానాయకుడి దగ్గరికి పరిగెత్తాడు.

"మొత్తం చదివారా!" నాయకుడు నవ్వాడు. "ఆ వరసలో ఈ అలవాటు మీ ఒక్కరికే ఉన్నట్టుంది, నెజ్మి గారూ. మీ ఊరికి ఆసుపత్రి అడిగారు కదా? చూద్దాం. చెయ్యి మాత్రం వేళకి లేవాలి."

లేచింది. ఎవరూ అటు చూడను కూడా లేదు.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర భార్య సబీహాతో అన్నాడు: "నా ఒక్కడి చెయ్యి లేవకపోతే ఆగేదా?"

"ఆగేది కాదు." ఆమె చేపముల్లు తీస్తూ అంది. "ఆ పన్నెండు మందికీ ఇదే చెప్తావా మరి?"

ఆసుపత్రి రాలేదు. మరుసటి ఎన్నికలకి పార్టీ అభ్యర్థుల జాబితాలో తన పేరు లేదని నెజ్మి పేపరు చూసి తెలుసుకున్నాడు. సామాను సర్దుకుని ఊరికొచ్చిన నెలకే కొత్త లైసెన్సుతో వాగు దగ్గరికి కంపెనీ మట్టి తవ్వే యంత్రాలొచ్చాయి. ఆడవాళ్ళు వాటికి అడ్డంగా కూర్చున్నారు. నెజ్మి పాత నల్ల గౌను చంకన పెట్టుకుని వెళ్ళాడు.

"కేసు నేను వేస్తాను, పిన్నీ."

"వకీల్ని పెట్టుకున్నాం." గులిజార్ పక్కనున్న అమ్మాయిని చూపించింది. పేరు సెవిల్. ముప్పై ఏళ్ళుండవు.

"సభ రికార్డులు తెప్పించాను సార్," అంది సెవిల్. "నాలుగేళ్ళలో మీ మాట రెండుచోట్లే ఉంది. ప్రమాణం చేసినప్పుడొకటి. ఉక్కగా ఉంది, కిటికీ తెరవండి అన్నప్పుడొకటి."

"ఆసుపత్రి ఇస్తామంటే..."

"ఏ ఆసుపత్రి?" గులిజార్ మోకాలు తడుముకుంది. "దీన్ని చూపించుకోడానికి మూడు గంటలు బస్సులో పోతున్నాను. ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ళని చూశాను. ఏరునే తగలేసినవాణ్ణి ఇప్పుడే చూస్తున్నాను."

ఆమె నిప్పుల మీది కెటిలు దించి, గాజు గ్లాసులో టీ పోసి అందించింది.

"తాగి వెళ్ళండి."

ఇన్నేళ్ళలో ఆమె అతన్ని 'మీరు' అనడం అదే మొదటిసారి. టీ నాలుక కాలుతున్నా గబగబా తాగేసి వచ్చేశాడు.

కేసు పది నిమిషాల్లో తేలిపోయింది. జడ్జి యాభై మూడో సెక్షను చదివి ఫైలు మూసేశాడు. వేసవికల్లా వాగు గొట్టంలోకెళ్ళింది. తెల్లటి రాళ్ళు బయటపడ్డాయి. గులిజార్ ఆవుల్ని అమ్మేసింది.

నెజ్మి జిల్లా కేంద్రానికి మారిపోయాడు. బోర్డు మీద పేరు కింద 'మాజీ పార్లమెంటు సభ్యుడు' అని రాయించాడు. అంకారాలో పలుకుబడి ఉందనుకుని జనం బాగానే వస్తున్నారు. ఏ ఊరు సార్ మీది అని ఎవరైనా అడిగితే, జిల్లా పేరు చెప్పి ఊరుకుంటాడు.