అమ్మ గడ్డం మీది పచ్చబొట్టు

ఖెనిఫ్రా అనే కొండ ఊళ్ళో ఫొటోలు దిద్దే హమ్మూకి ఆ పని ఎవరూ నేర్పలేదు. ఊరికే దొరికే ఎఫెక్టుల కోసం ఇంటర్నెట్టంతా గాలించి, తెచ్చినదాన్ని ముందు తన ఫొటో మీదే వాడి చూసుకునేవాడు. మరకలు, గీతలు తుడిచే ఎఫెక్టుని కూడా అలాగే చూశాడు. బాగానే పనిచేసింది. అతని గడ్డం మీద పచ్చబొట్టు లేదు మరి.

రబ్హా అనే పెద్దావిడ తెచ్చింది వాళ్ళమ్మ ఇత్తో ఫొటో. ఆమెకున్నది అదొక్కటే. చెమ్మకి అది ఫ్రేములోని అద్దానికి అతుక్కుపోయింది. హమ్మూ అద్దం మీంచే స్కాన్ చేసి, ఆ తర్వాత ఊడదీద్దామని నీళ్ళలో నానబెట్టాడు. బొమ్మ కరిగి నీళ్ళలో కలిసిపోయింది. స్కాన్ ఉందిలే అనుకుని, దాని మీద ఎఫెక్టు నడిపాడు. మరకలు పోయాయి. వాటితోపాటే పెదవి కిందనుంచి దిగే, ఏ తెగ మనిషో చెప్పే పచ్చబొట్టూ పోయింది. ఆ మాయదారి ఎఫెక్టు పాత ఫైలు మీదే కొత్తది రాసేసింది.

వెనక్కి తెచ్చే దారులన్నీ వెతికాడు. ఏదీ పనిచేయలేదు. పచ్చబొట్లు గీసే ఉచిత బ్రష్షులు దించితే, అన్నీ తేళ్ళూ గులాబీలే. చివరికి ఎవరో ముసలావిడ ఫొటో దొరికితే, ఆమె గడ్డం చూసి గీశాడు.

రబ్హా వచ్చి తెర ముందు కూర్చుంది. తెరలోని గడ్డం వైపు వంగింది.

"ఎవరి గుర్తురా ఇది? మా వాళ్ళది కాదే!"

"లల్లా, అదీ..." మర్యాదగా పిలిచి ఆగిపోయాడు హమ్మూ.

"మా అమ్మని తీసుకెళ్ళి పరాయి వాళ్ళ తెగలో కలిపేశావు కదరా!"

హమ్మూ జరిగిందంతా చెప్పేశాడు. ఆమె తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది అతనికి.

"మీరు చెప్పండి, గీస్తాను. గీతలు రెండా, మూడా? పక్కన చుక్కలున్నాయా?"

రబ్హా కళ్ళు మూసుకుని, తన గడ్డం మీద వేలు పెట్టుకుంది. వేలు కిందికి కదిలి ఆగిపోయింది.

"అమ్మ మొహాన్ని గీతలు లెక్కపెట్టి ఎవరు చూస్తారు నాయనా?"

"మీ వాళ్ళలో ఇంకెవరైనా..."

"అందరూ మట్టిలో ఉన్నారు. నీ అంచనాతో మాత్రం గీయకు. చెరిపెయ్."

చెరిపాడు. బోసి గడ్డంతో ఎవరో కొత్త మనిషి చూస్తోంది. రబ్హా మొహం తిప్పుకుంది.

"కప్పేయ్. చలికాలం ముసుగు గడ్డం మీదికి లాక్కునేది."

హమ్మూ ఏ ఎఫెక్టూ ముట్టుకోలేదు. ఫొటోలోని తలమీది ముసుగులోంచే బట్ట కొంచెం కొంచెంగా తీసుకుని, మడత మడతకీ నీడ సరిచూసుకుంటూ, చేత్తో గడ్డం మీదికి దించాడు. మధ్యాహ్నం నమాజు పిలుపు అయిపోయినా ఇద్దరూ లేవలేదు.

ముద్రించి చేతికిచ్చాడు. రబ్హా బొమ్మలోని కళ్ళ దగ్గర బొటనవేలితో నిమిరింది.

"అమ్మే," అంది. "నోరు మూయించాం, అంతే."